నక్కలగుట్టలో ఫంగస్ మందులకు మేం వెళ్లే మెడికల్ షాపు

హన్మకొండ నక్కలగుట్టలో, ఆస్పత్రులు వరుసగా ఉండే సందులో ఒక చిన్న మెడికల్ షాపు ఉంది. భార్యాభర్తలు నడుపుతారు. ఆయన బిల్లులు, స్టాకు చూసుకుంటారు. ఆమె ఫార్మసిస్టు, కాకతీయ యూనివర్సిటీలో బీఫార్మసీ చేశారు. ఏడాదికి పైగా మా బాపు మందులన్నీ ఇక్కడే కొంటున్నాం. మాది నర్సంపేట. అక్కడ మందుల షాపులకు కొదవేం లేదు. పెద్ద కంపెనీల షాపులు కూడా వచ్చాయి, డిస్కౌంట్ కూడా ఎక్కువే ఇస్తాయి. అయినా పనిగట్టుకుని ఇంత దూరం వస్తున్నామంటే దానికి కారణం ఫంగస్ గోలీలు. మీ ఇంట్లో ఎవరికైనా ఇట్రాకొనజోల్, వొరికొనజోల్ లాంటివి నెలల తరబడి వాడమని డాక్టరు రాసి ఉంటే ఇది కొంచెం ఓపికగా చదవండి.

ముందు బాపు జబ్బు గురించి చెప్పాలి, లేకపోతే ఈ షాపు గొప్పదనం అర్థం కాదు. ఆయనకు చాలా ఏళ్ల కింద టీబీ వచ్చింది. ఆరు నెలల కోర్సు ఒక్క పూట కూడా తప్పకుండా వాడాడు, తగ్గిపోయింది. కానీ కుడి ఊపిరితిత్తి పైభాగంలో టీబీ తిన్న చోట ఖాళీ గూడులాగా మిగిలిపోయింది. తర్వాత ఎప్పుడో ఆ గూట్లోకి ఆస్పర్జిల్లస్ అనే బూజు చేరి, ముద్ద కట్టింది. దీన్ని డాక్టర్లు క్రానిక్ పల్మనరీ ఆస్పర్జిలోసిస్ అంటారు. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం, దగ్గితే రక్తం పడటం, అన్నీ టీబీ లక్షణాలే. అందుకే మన దగ్గర చాలామందికి టీబీ తిరగబెట్టిందనుకుని మళ్లీ అవే మందులు మొదలుపెడతారు. బాపుకూ ఒకచోట అలాగే మొదలుపెట్టారు, తెమడ పరీక్షలో టీబీ క్రిమి కనబడలేదని రిపోర్టు చేతిలో ఉన్నా. హన్మకొండలో ఛాతీ డాక్టరు గారు సీటీ స్కాన్ తీయించి, రక్తంలో ఆస్పర్జిల్లస్ ఐజీజీ పరీక్ష చేయించాకే అసలు సంగతి బయటపడింది.

ట్రీట్‌మెంట్ ఇట్రాకొనజోల్ 200 ఎంజీ, రెండు పూటలా. కనీసం ఆరు నెలలు వాడాలి. చండీగఢ్ పీజీఐ డాక్టర్లు ఆరు నెలల కోర్సునీ, ఏడాది కోర్సునీ పోల్చి 2022లో పరిశోధన ప్రచురించారు. ఏడాది వాడిన వాళ్లలో జబ్బు తిరగబెట్టడం చాలా తక్కువగా ఉంది. మా డాక్టరు గారు అదే చెప్పి, ఏడాదికి మనసు సిద్ధం చేసుకోమన్నారు.

మొదటి నెలల్లో మందు వేరే ఊళ్లో, వేరే షాపులో కొన్నాం. అక్కడ ప్రతిసారీ కంపెనీ మారేది. "అన్నీ ఒకటే సార్, లోపల మందు అదే" అనేవాళ్లు. బాపుకు గుణం కనబడలేదు. బరువు పెరగలేదు, తెమడలో రక్తపు చారలు ఆగలేదు. డాక్టరు గారి ముఖంలోనే టెన్షన్ కనబడింది. మందు పనిచేయకపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చన్నారు. ఒకటి, ఫంగస్ మొండిబారి మందును తట్టుకోవడం. రెండు, మందు రక్తంలోకి సరిగా చేరకపోవడం. రెండూ తేల్చుకోవాలని తెమడ కల్చర్‌తో పాటు సెన్సిటివిటీ, రక్తంలో ఇట్రాకొనజోల్ లెవెల్ పరీక్ష రాశారు. శాంపిళ్లు హైదరాబాద్ వెళ్లాయి. చాలా ల్యాబుల్లో కల్చర్ అండ్ సెన్సిటివిటీ అంటే బ్యాక్టీరియాకే చేస్తారు. ఫంగస్ పెరిగితే పేరు రాసి వదిలేస్తారు. ఏ మందుకు లొంగుతుందో చూడాలంటే అది ప్రత్యేకంగా అడిగి చేయించుకోవాల్సిన పరీక్ష. ఈ విషయం గుర్తుపెట్టుకోండి.

లెవెల్ రిపోర్టు ముందు వచ్చింది. రక్తంలో మందు లీటరుకు కనీసం అర మిల్లీగ్రాము ఉండాలి, ఒకటి దాటితే ఇంకా మంచిది. బాపుకు అందులో సగం కూడా లేదు. నెలల తరబడి వేల రూపాయల గోలీలు మింగిన మనిషికి వచ్చిన లెక్క అది.

ఆ రిపోర్టు పట్టుకుని ఈ షాపులో అడుగుపెట్టాం. చిట్టీ ఇవ్వగానే స్ట్రిప్పులు లెక్కపెట్టి ఇస్తారనుకున్నాను. ఫార్మసిస్ట్ మేడం చిట్టీ చదివి, పక్కన పెట్టి, బాపును స్టూలు మీద కూర్చోమన్నారు. తర్వాత నన్ను అడిగారు.

"అన్నా, బాపు గ్యాస్ గోలీ ఏమన్న ఏసుకుంటున్నడా?"

"పొద్దున పరగడుపున ఒకటి ఏసుకుంటడు మేడం. ఊళ్లె రాసిచ్చిండ్రు."

"ఫంగస్ గోలీ ఎప్పుడు ఏసుకుంటడు?"

"దాంతోనే."

"గదే సంగతి. ఈ క్యాప్సూల్ కరగాలంటే కడుపుల యాసిడ్ ఉండాలె, అన్నం గుడ ఉండాలె. గ్యాస్ గోలీ ఆ యాసిడ్‌నే ఆపుతది. మరి మందు ఎట్ల ఎక్కుతది? గ్యాస్ గోలీ ఆపుమని నా అంతట నేను చెప్పొద్దు, మీ డాక్టర్ సారుకు ఇప్పుడే ఫోన్ చెయ్యున్రి."

అక్కడే నిలబడి ఫోన్ చేశాను. డాక్టరు గారు పాంటాప్రజోల్ అనే ఆ గ్యాస్ గోలీ ఆపేయించారు. ఆ గోలీ రాసింది వేరే డాక్టరు, వేరే ఫైలులో ఉంది, ఈయన దాకా ఆ కాగితం రానేలేదు. మేడం అంతటితో ఊరుకోలేదు. ఇంకే గోలీలు వేసుకుంటున్నాడో కవర్లన్నీ బయటికి తీయమన్నారు. కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ కనబడింది. ఇట్రాకొనజోల్ లివర్‌లో ఆ మందు కరిగిపోకుండా అడ్డుపడుతుంది కాబట్టి రక్తంలో అది పెరిగిపోయి కండరాలు దెబ్బతింటాయట. దానికీ ఫోన్ చేయించారు. చివరికి అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది: టీబీ గోలీలు పూర్తిగా ఆపేశారా, ఇంట్లో మిగిలినవి ఏమైనా వేసుకుంటున్నాడా అని. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ ఇట్రాకొనజోల్‌ను లివర్‌లో వేగంగా కరిగించేస్తుంది. రెండూ కలిపి వాడితే ఫంగస్ మందు రక్తంలో దాదాపు లేనట్టే. రిఫాంపిసిన్ ఆపినా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉంటుంది. టీబీ అనుమానంతో మందులు మొదలుపెట్టి, తర్వాత ఫంగస్ అని తేలిన ప్రతి ఇంట్లో అడగాల్సిన ప్రశ్న ఇది. మమ్మల్ని అంతవరకు ఏ షాపులోనూ ఎవరూ అడగలేదు.

తర్వాత కంపెనీల సంగతి. అన్నీ ఒకటే కదా మేడం అని నేనే అడిగాను. ఆమె లోపలి నుంచి డేట్ అయిపోయిన రెండు స్ట్రిప్పులు తెచ్చారు, రెండు వేర్వేరు కంపెనీలవి. రెండింటి మీదా 200 ఎంజీ అనే ఉంది. పాత క్యాలెండర్ కాగితం తిరగేసి పరిచి, ఒక్కో క్యాప్సూల్ విప్పి పోశారు. ఒకదాంట్లోంచి గసగసాల్లాంటి సన్న గుళికలు కుప్పగా రాలాయి, లెక్కపెట్టలేనన్ని. రెండోదాంట్లోంచి పడ్డవి లావుగా ఉన్నాయి, చాలా తక్కువ. ఇట్రాకొనజోల్ నీళ్లలో కరగని మందు. అందుకే దాన్ని చిన్న చిన్న చక్కెర గుళికల మీద పూతగా పట్టిస్తారు. గుళిక ఎంత చిన్నగా ఉంటే, ఎన్ని ఎక్కువ ఉంటే, కడుపులో మందు అంత బాగా కరుగుతుంది. మన దేశంలో దొరికే కంపెనీల మధ్య ఈ గుళికల సంఖ్యలో, సైజులో చాలా తేడా ఉందని చర్మవ్యాధుల డాక్టర్లు కూడా పరీక్షించి రాశారు. "200 అన్న అంకె ఒక్కటే సూడొద్దన్నా, ఒక్క కంపెనీ పట్టుకుంటె అదే నడిపియ్యాలె" అన్నారామె. 65, 130 అని వేరే అంకెలతో వచ్చే కొత్తరకం క్యాప్సూళ్లు కూడా చూపించారు. వాటి తయారీయే వేరు. పాత రకం 100కి అది 65తో సమానం. అంకె చూసి తక్కువ మందు అనుకుని రెండు వేసుకున్న వాళ్లు, అదేదో మంచిదని సగంలో మార్చుకున్న వాళ్లు ఆమె దగ్గరికి వస్తుంటారట. డాక్టరుకు చెప్పకుండా ఒకదానికి బదులు ఇంకోటి ఈ షాపులో ఇవ్వరు. స్టాకు లేకపోతే లేదంటారు, ఎల్లుండి రమ్మంటారు.

ఆ రోజు నుంచి బాపు రెండు పూటలా అన్నం తిన్న వెంటనే గోలీ వేసుకుంటున్నాడు, ఒకే కంపెనీది. రెండు వారాలు దాటాక మళ్లీ లెవెల్ చేయించాం. ఒకటి దాటింది. ఈ మధ్యలో కల్చర్ రిపోర్టు కూడా వచ్చింది. ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగాటస్ అని, ఇట్రాకొనజోల్ ఎంఐసీ 0.5 అని ఉంది. ఎంఐసీ అంటే ఎంత తక్కువ మందుకు ఆ ఫంగస్ పెరగడం ఆగిపోతుందో చెప్పే అంకె. ఒకటి వరకు ఉంటే మందుకు లొంగే రకమే అని డాక్టరు గారు చెప్పారు. ఫంగస్ ఇంకా మొండిబారలేదు. కానీ అలాగే ఇంకొన్ని నెలలు సగం సగం మందుతో నడిపించి ఉంటే మొండిబారేది. చచ్చేంత మందు అందక, బతికి అలవాటు పడేంత మాత్రం అందితే ఏ జీవి అయినా తట్టుకోవడం నేర్చుకుంటుంది. అది నేను చదువుకుని తెలుసుకున్నది కాదు, నా వృత్తిలో రోజూ చూసేదే.

నాది నర్సంపేటలో ఎరువులు, పురుగు మందుల దుకాణం. "అన్నా, మందు పనిచేస్తలేదు" అనే మాట సీజన్‌లో పొద్దున షట్టర్ ఎత్తినప్పటి నుంచి రాత్రి దించేదాకా వింటాను. గులాబీ రంగు పురుగు బీటీ పత్తిని ఎలా తట్టుకుందో మా చుట్టుపక్కల ఊళ్ల రైతులంతా కళ్లారా చూశారు. అందుకే ఫార్మసిస్ట్ మేడం ఒకరోజు నా వ్యాపారం ఏమిటో తెలిసి చెప్పిన మాట సూటిగా తగిలింది. వరికి పాముపొడ, మానిపండు తెగులు వచ్చినా, మిర్చికి కాయకుళ్లు వచ్చినా మేం ఇచ్చే మందుల్లో హెక్సాకొనజోల్, ప్రోపికొనజోల్, టెబుకొనజోల్, డైఫెనోకొనజోల్ ఉంటాయి. బాపు మింగే ఇట్రాకొనజోల్ కూడా ఆ కుటుంబమే. అన్నీ అజోళ్లు. ఫంగస్ కణం చుట్టూ ఉండే పొరకు ఎర్గోస్టెరాల్ అనే పదార్థం కావాలి. దాన్ని తయారుచేసే ఒకే ఎంజైము మీద పొలం మందూ దెబ్బ కొడుతుంది, మనిషి మందూ దెబ్బ కొడుతుంది.

ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగాటస్ పంటకు వచ్చే తెగులు కాదు. కుళ్లిన ఆకుల్లో, పెంటకుప్పల్లో, తడిసిన గడ్డివాముల్లో బతికే బూజు. దాన్ని చంపాలని ఎవరూ మందు కొట్టరు. కానీ తెగులుకు కొట్టిన మందు మట్టిలో, గడ్డిలో మిగిలిపోయి దీనికీ కొద్దికొద్దిగా అందుతుంది. నెదర్లాండ్స్‌లో తులిప్ పూల గడ్డలను అజోల్ మందుల్లో ముంచుతారు, ఆ వ్యర్థాలు కుప్పలుగా పోస్తారు. ఆ కుప్పల్లో అజోళ్లకు లొంగని ఆస్పర్జిల్లస్ పెరుగుతోందని అక్కడి పరిశోధకులు చూపించారు. జీవితంలో ఎప్పుడూ అజోల్ గోలీ వేసుకోని రోగుల ఊపిరితిత్తుల్లో కూడా మొండి ఫంగస్ కనబడటానికి కారణం అదే. గాలిలో ఎగిరి వచ్చిన బీజమే అప్పటికే మొండిది. మన దేశంలో కూడా ఇదే రకం, టీఆర్34 అనే మార్పు ఉన్న ఆస్పర్జిల్లస్, రోగుల్లోనే కాదు బయటి మట్టిలో కూడా ఉందని ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2012లోనే ప్రచురించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబరులో అత్యంత ప్రమాదకరమైన ఫంగస్‌ల జాబితా మొదటిసారి విడుదల చేసింది. అందులో 19 పేర్లుంటే, పై వరుసలో పెట్టిన నాలుగింటిలో ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగాటస్ ఒకటి.

దీనికి ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, ఆస్పర్జిల్లస్‌కు గోలీ రూపంలో ఉన్నవి అజోళ్లే. ఇట్రాకొనజోల్, వొరికొనజోల్, పొసకొనజోల్, ఐసవుకొనజోల్, పేర్లు ఎన్నున్నా కుటుంబం ఒకటే. ఒకదానికి మొండిబారిన ఫంగస్ చాలాసార్లు మిగతావాటికీ లొంగదు. అప్పుడు మిగిలేవి ఆంఫోటెరిసిన్, కాస్పోఫంగిన్ లాంటివి. అవి నరానికి ఎక్కించాల్సిన మందులు. ఆంఫోటెరిసిన్ కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఏడాది పాటు నర్సంపేట ఇంట్లో కూర్చుని గోలీ వేసుకునే ముసలాయనకు, ఏడాది పాటు సెలైన్ స్టాండు పక్కన ఉండటం అయ్యే పని కాదు. బాపుకు గోలీ పనిచేయడం అంటే ఆయన ఇంట్లో ఉండగలగడం. ఒలోరోఫిమ్ అనే కొత్త రకం మందు వస్తోందని డాక్టరు గారు చెబితే ఆశ కలిగింది. కానీ అది మనుషుల మీద పరీక్షల దశలో ఉండగానే, ఫంగస్‌లో అదే చోట దెబ్బ కొట్టే ఇప్‌ఫ్లుఫెనోక్విన్ అనే పంట మందుకు అమెరికాలో అనుమతి ఇచ్చేశారు. ఇది చదివిన రోజు నాకు నిజంగా బాధ, కోపం రెండూ వచ్చాయి. పంట మందులు పరీక్షించే వాళ్లూ, మనుషుల మందులు పరీక్షించే వాళ్లూ ఒక్కచోట కూర్చుని మాట్లాడుకోవాలి. నా దుకాణంలో ఒకే సీజన్‌లో ఒకే గ్రూపు మందు వెంటవెంటనే ఇవ్వను, మార్చి మార్చి ఇస్తాను. అది ముందు నుంచీ ఉన్న పద్ధతే. ఇప్పుడు రైతుకు కారణం చెప్పేటప్పుడు బాపు సంగతి కూడా చెప్తున్నాను, వింటున్నారు.

ఇదంతా తెలిశాక మేడం ఇచ్చిన జాగ్రత్త ఒకటుంది. బాపు గడ్డివాము దగ్గరికి, పెంటకుప్ప దగ్గరికి, మిర్చి గోదాములోకి వెళ్లొద్దు. పశువులకు గడ్డి తీయడం ఆయనకు అరవై ఏళ్ల అలవాటు. మాన్పించడానికి ఇంట్లో పెద్ద గొడవే అయింది. డాక్టరు గారు కూడా గట్టిగా చెప్పాక ఒప్పుకున్నాడు.

షాపులో రోజూ జరిగే సంగతులు కూడా కొన్ని చెప్తాను. ఎవరో కుర్రాడు తామరకు "ఆ ట్యూబ్ ఇయ్యక్కా, మొన్న తీస్కపోయిందే" అని వస్తాడు. అది క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ కలిపిన క్రీమ్. చిట్టీ లేకుండా ఇవ్వరు. రాస్తే దురద రెండు రోజుల్లో పోతుంది, కింద తామర మాత్రం పాకుతూనే ఉంటుంది. ఇప్పుడు మన దేశమంతా వ్యాపించిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే తామర ఫంగస్, మామూలుగా తామరకు వాడే టెర్బినాఫిన్‌కు చాలామందిలో లొంగడం లేదు. చర్మం డాక్టర్లు దానికి ఇట్రాకొనజోల్ వైపు వెళ్లాల్సి వస్తోంది. అంటే బాపు ప్రాణానికి అవసరమైన మందునే తామరకు విచ్చలవిడిగా వాడే పరిస్థితి. ఫ్లుకొనజోల్ (ఇదీ అజోల్ ఫంగస్ మందే) ఒక్క గోలీ కట్ చేసి ఇవ్వమన్నా అంతే, ఎవరికి, ఎందుకు అని అడుగుతారు. కొందరు విసుక్కుని పక్క షాపుకు పోతారు. ఆ బేరం పోయినందుకు వీళ్లు బాధపడటం నేను చూడలేదు. చిట్టీ లేనిదే ఇవ్వమని ఒక్కరికి కాదు, అందరికీ ఒకే గొంతుతో చెప్తారు. ఐసీయూల్లో వ్యాపించే కాండిడా ఆరిస్ అనే ఫంగస్ ఉంది చూడండి, 2009లో జపాన్‌లో ఒకరి చెవిలో మొదటిసారి కనుక్కున్నారు. అందులో అత్యధిక రకాలు ఫ్లుకొనజోల్‌కు లొంగవు. అలాంటిది ఒకటి ఉందని తెలిశాక కూడా ఫ్లుకొనజోల్‌ను తలనొప్పి గోలీలాగా అమ్మే షాపులకు నేను వెళ్లలేను.

2021 మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. బ్లాక్ ఫంగస్‌ను ఆ ఏడాది మేలో మన ప్రభుత్వం ఎపిడమిక్ డిసీజెస్ చట్టం కిందికి తెచ్చింది, కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని దానికి ప్రధాన కేంద్రం చేసింది. ఆంఫోటెరిసిన్ ఎక్కడా దొరకలేదు. ఆ రోజుల్లో కొందరు ఈ షాపుకు వచ్చి, పోనీ వొరికొనజోల్ అయినా ఇవ్వమని, ఎంతైనా ఇస్తామని అడిగారట. బ్లాక్ ఫంగస్ తెచ్చే మ్యూకర్ అనే బూజు మీద వొరికొనజోల్ మొదటి నుంచీ పనిచేయదు. ఈ దంపతులు ఆ మాట చెప్పి, డబ్బు తీసుకోకుండా తిప్పి పంపారు. ఇది వాళ్లు నాకు గొప్పగా చెప్పుకున్నది కాదు. అప్పుడు అలా వెనక్కి వెళ్లిన వాళ్లలో ఒకాయన మా దుకాణానికి వచ్చే రైతు, ఆయన నోటే విన్నాను.

వాళ్ల దగ్గర ఒక పొడుగు రిజిస్టరు ఉంటుంది. ఎక్కువ కాలం మందులు వాడే వాళ్ల పేరు, కంపెనీ, బ్యాచ్ నంబరు, స్ట్రిప్పులు ఏ రోజు దాకా వస్తాయో అందులో రాసుకుంటారు. అయిపోవడానికి నాలుగు రోజుల ముందే ఆయన ఫోన్ చేస్తారు. వెళ్లిన ప్రతిసారీ మేడం బాపు కాళ్లు చూస్తారు, వాపు ఉందా అని. ఇట్రాకొనజోల్ కొందరిలో గుండె మీద భారం వేస్తుంది, కాళ్లు వాస్తాయి, బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. లివర్ పరీక్ష ఎప్పుడు చేయించారో అడుగుతారు. పక్కన వొరికొనజోల్ తీసుకునే ఆయన ఉంటే ఆయనకు చెప్పేది పూర్తిగా వేరు: అది అన్నానికి గంట ముందో, గంట తర్వాతో వేసుకోవాలి, ఎండలో తిరగొద్దు, మొదటి రోజుల్లో కంటి ముందు వెలుతురు తేడాగా అనిపిస్తే భయపడొద్దు, బండి మాత్రం నడపొద్దు. ఒక మనిషికి చెప్పిన జాగ్రత్త ఇంకో మనిషికి అంటగట్టరు.

బాపు ఇప్పుడు బరువు పెరిగాడు. మధ్యలో ఒకసారి రక్తం ఎక్కువ పడి, హైదరాబాద్‌లో రక్తనాళం మూసే ప్రొసీజర్ చేయించాల్సి వచ్చింది. ఆ ముద్ద లోపల ఉన్నంతకాలం ఆ భయం ఉంటుందని డాక్టరు గారు ముందే చెప్పారు. ఆ తర్వాత మళ్లీ రక్తం పడలేదు. లెవెల్ బాగుంది, కొత్తగా తీసిన స్కాన్‌లో గూడు చుట్టూ వాపు తగ్గింది. ఇదంతా డాక్టరు గారి వైద్యం. కానీ ఆ వైద్యం బాపు రక్తంలోకి చేరింది ఈ షాపు కౌంటర్ దాటాకే.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. బండి పెట్టడానికి జాగా లేదు, కారు అయితే అదాలత్ వైపు ఎక్కడో ఆపి నడవాలి. సాయంత్రం ఏడు నుంచి ఓపీలు వదిలే సమయంలో చాలా రద్దీ, మేడంతో మాట్లాడాలంటే అరగంట నిలబడాల్సిందే. ముసలివాళ్లు కూర్చోవడానికి ఉన్నది ఒక్క స్టూలు. ఇంకో రెండు కుర్చీలు వేయమని చెప్పాను, జాగా లేదంటున్నారు. బయట సన్‌షేడ్ కింద అయినా వేయొచ్చు. పదిశాతం మించి డిస్కౌంట్ ఇవ్వరు. నెలనెలా కొనే మాలాంటి వాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. మేడం లేని సమయంలో ఉండే కుర్రాడు మంచివాడే కానీ ఈ మందుల సంగతి అతనికి తెలియదు. అందుకే కొత్తగా వెళ్లేవాళ్లు పొద్దున పది నుంచి ఒంటిగంట మధ్య వెళ్లండి, ఆమె తప్పకుండా ఉంటారు, జనం కూడా తక్కువ. ఇంట్లో వాడుతున్న గోలీలన్నీ, బీపీవి, షుగర్‌వి, గ్యాస్‌వి, ఆయుర్వేదంవి కూడా, ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. ఆదివారం మధ్యాహ్నం మూసేస్తారు. ఇట్రాకొనజోల్ ఎప్పుడూ స్టాకు ఉంటుంది. వొరికొనజోల్, పొసకొనజోల్ మాత్రం చిట్టీ ఫొటో వాట్సాప్‌లో రెండు రోజుల ముందు పంపితే హైదరాబాద్ నుంచి తెప్పిస్తారు, సగం డబ్బు ముందే కట్టాలి.